తెల్ల గులాబీల వరస

గుండుసూది గుచ్చుకోలేదు. గుచ్చుకుంటే బావుండునని భానుశ్రీకి అనిపించింది. గుచ్చుకుంటే అబ్బా అనొచ్చు, ఓ అడుగు వెనక్కి వెయ్యొచ్చు, ఆ పిల్ల సారీ సారీ అంటుంటే ఆ తొక్కిసలాటలో ఏ రంగు పువ్వు ఎవరికొచ్చిందో ఎవరూ చూడకపోదురు. కానీ ఆ వియత్నాం పిల్ల, పసుప్పచ్చటి పొడుగు చొక్కాలో రెల్లుపుల్లలా ఉంది, చాలా ఒద్దికగా పెట్టింది, పసిబిడ్డకి గుండీ పెట్టినట్టు. పళ్ళెంలో రెండు కుప్పలు, ఇటు ఎర్ర గులాబీలు, అటు తెల్లవి. అమ్మ ఉన్నవాళ్ళకి ఎర్రది, లేనివాళ్ళకి తెల్లది. "యువర్ మదర్..." అని ఆ పిల్ల సగంలో ఆపేసింది, మిగతా సగం అడగడం మర్యాద కాదన్నట్టు. భానుశ్రీ నోరు తెరిచింది. ఏం చెప్పడానికి తెరిచిందో తనకే తెలీదు. ఈలోగా ఆమె భర్త అమర్‌నాథ్ భుజమ్మీద చెయ్యేసి, ఆ ఒక్క విషయానికి మాత్రమే వాడే మెత్తటి గొంతుతో, "వైట్. వాళ్ళమ్మగారు తన చిన్నప్పుడే పోయారు," అని ఇంగ్లీషులో చెప్పాడు. ఆ పిల్ల కళ్ళు చప్పున చెమ్మగిల్లాయి. అప్పుడు గుచ్చుకుంది.

ఇప్పుడు ఆ వియత్నాం గుడి హాలు మధ్యలో, ఏ గోడకీ ఆనుకోడానికి వీల్లేని చోట, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎడంపక్క అత్తగారు శేషమ్మ, కుడిపక్క అమర్, అతని ఒళ్ళో ఐదేళ్ళ అనుష్క, ముందు వాళ్ళని ఇక్కడికి తీసుకొచ్చిన లాన్ వీపు, వెనక ఎవరివో మోకాళ్ళు. చెప్పులు బయటెక్కడో కొన్ని వందల చెప్పుల్లో కలిసిపోయాయి. లేచి వెళ్ళాలంటే కనీసం ముప్ఫైమందిని దాటాలి, దాటుతూ ప్రతివాళ్ళకీ గుండెలమీది తెల్ల పువ్వు చూపించాలి. ఊదొత్తుల పొగ కప్పుదాకా లేచి, దారి దొరక్క మళ్ళీ మనుషుల మీదికే దిగుతోంది. ఎదురుగా నిలువెత్తు బుద్ధుడు, ఆయన పక్కన తెల్లరాతి దేవత ఒకామె, చేతిలో చిన్న చెంబు. లోపలికి రాగానే శేషమ్మ ఆమెకి రెండు చేతులూ జోడించి, "మన అమ్మవారే, వేషం మార్చుకుంది," అంది. శేషమ్మకి ఏదీ పరాయిగా ఉండదు. అదే వచ్చిన చిక్కు. శేషమ్మ ఏ కాస్త చెడ్డదైనా ఈ ఆరేళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు కోపంలో తన నోరు జారి నిజం పడిపోయేది, మంచివాళ్ళ దగ్గర అబద్ధం మరీ భద్రంగా ఉంటుంది, తాళం వేసి తాళంచెవి కూడా వాళ్ళే దాచిపెడతారు, పోనీ దొంగతనంగా...

టక్, టక్, టక్. చేప ఆకారంలో చెక్కిన పెద్ద కర్రబుర్రని ఒక సన్యాసిని పుల్లతో కొడుతోంది, ఆ దెబ్బకి తగ్గట్టు అందరూ ఏదో పారాయణ చేస్తున్నారు. ఒక్క ముక్క తెలీదు. తెలీకపోవడం హాయి. తెలిసిన భాషలో అయితే ప్రతి మాటా తనకోసమే అన్నట్టు ఉండేది. లాన్ మాత్రం దారిలో కారులోనే అంతా చెప్పేసింది. లాన్ ఒకప్పుడు చికాగో ఆఫీసులో అమర్ పక్క సీటు, ఇప్పుడు శాన్ హోసేలో ఉంటోంది. చికాగో పక్కన తాముండే నేపర్‌విల్ నుంచి లేబర్ డే సెలవులకి, తెనాలినుంచి వచ్చిన అత్తగారికి గోల్డెన్ గేట్ చూపిద్దామని వచ్చి, శాన్ హోసే దగ్గరున్న డబ్లిన్‌లో అమర్ స్నేహితుడి ఇంట్లో దిగితే, లాన్ ఫోన్ చేసి, మీరు రావాల్సిందే, మా పంచాంగంలో ఏడో నెల పున్నమి పెద్ద పండగ, పున్నమి దాటినా అందరికీ సెలవు దొరికేది శనివారమే కాబట్టి ఇవాళ చేస్తున్నాం, అంది. ఈ పున్నమికి నరకం తలుపులు తెరుస్తారట, లోపలున్నవాళ్ళని కాసేపు వదులుతారట. బుద్ధుడి శిష్యుడొకాయన చనిపోయిన తల్లి ఎక్కడుందా అని చూస్తే ఆకలితో అలమటిస్తూ కనిపించిందట, గిన్నెడు అన్నం తీసుకెళ్ళి ఇస్తే నోటిదాకా వెళ్ళేసరికి నిప్పైపోయిందట. "ఒక్కడి వల్ల కాదు, అందరూ కలిసి అడిగితే వదులుతారు అన్నాడు బుద్ధుడు. అందుకే అందరం కలిసి అడుగుతాం," అంది లాన్, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా. శేషమ్మకి అమర్ తర్జుమా చేసి చెప్పాడు. శేషమ్మ పొంగిపోయింది. "చూశావా, మనకీ ఇవాళ్టినుంచే మహాలయ పక్షాలు! పెద్దలంతా ఒకేసారి బయల్దేరతారన్నమాట, ఏ దేశంవాళ్ళయినా," అని, వెనక్కి తిరిగి భానుశ్రీ చెయ్యి నొక్కింది. "మీ అమ్మ కూడానూ."

మీ అమ్మ కూడానూ. పెళ్ళయిన మొదటి ఏడాదే శేషమ్మ అడిగింది, మీ అమ్మకి ఎవరు చేస్తున్నారమ్మా అవిధవా నవమి, అని. పసుపు కుంకుమలతో పోయిన ఇల్లాలికి మహాలయంలో నవమినాడు ఒక ముత్తైదువని పిలిచి భోజనం పెట్టి చీర పెట్టాలట. భానుశ్రీకి ఆ పేరే కొత్త. "కొడుకుల్లేని తల్లి, ఆవిణ్ణి ఎవరు తలుచుకుంటారు, మనం తప్ప," అని శేషమ్మ తెనాలిలో తన డబ్బుతో, తన చేత్తో మొదలుపెట్టింది. ఏం వంట ఇష్టం మీ అమ్మకి అని అడిగితే భానుశ్రీ నోటికొచ్చింది చెప్పింది, పనసపొట్టు కూర అని. ఎందుకు చెప్పిందో ఏమో, అమ్మకి పనస వాసన పడదు. ఆరేళ్ళుగా తెనాలిలో ఎవరో ఒక ముత్తైదువ భాద్రపదంలో ఆవపెట్టిన పనసపొట్టు కూర తింటోంది, బతికున్న అమ్మ రాధారాణి పేరు చెప్పుకుని. రెండేళ్ళ కిందట నాన్న పోయినప్పుడు, భర్త పోయాక ఇది మానెయ్యొచ్చని పురోహితుడన్నా శేషమ్మ ఒప్పుకోలేదు. "మానేస్తే ఆ పిల్లకి అమ్మ పూర్తిగా పోయినట్టు ఉంటుంది," అందట. ఆ మాట అమర్ చెప్పినప్పుడు భానుశ్రీ బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చింది. అమ్మ గుర్తొచ్చిందనుకున్నాడు అమర్. అతనంతే, తలుపు బయట నిలబడి తువ్వాలు పట్టుకుని ఎదురుచూశాడు.

మోకాలు తిమ్మిరెక్కింది. కదిలితే వెనకావిడకి తగులుతుంది. అనుష్క తన ఎర్ర గులాబీ రేకు ఒకటి లాగి, "మమ్మీ, నీ మమ్మీ హెవెన్‌లో ఉంది కదా?" అంది గట్టిగానే. అమర్ ష్ అన్నాడు. "హెవెన్‌లో ఫోన్ ఉంటుందా?" అంది. భానుశ్రీ పిల్ల మొహంలోకి చూసింది. విన్నదా ఎప్పుడైనా, తన ఫోను మాటలు లాండ్రీ రూం తలుపు సందులోంచి? లేదు, స్కూల్లో ఉంటుంది ఆ టైముకి. పిల్లలు ఊరికే అంటారు.

ఫోను. అమ్మంటే ఫోనే మరి. విజయవాడ ట్రంకు ఎక్స్ఛేంజిలో అమ్మ ఎత్తు స్టూలు మీద కూర్చుని, తలకి ఆ నల్లటి హెడ్‌సెట్ పెట్టుకుని, ఎదురుగా బోర్డు నిండా చిన్న చిన్న దీపాలు వెలుగుతూ ఆరుతూ ఉంటే ఒక చోటి తీగ తీసి ఇంకో చోట గుచ్చేది. ఆదివారాలు పిల్లని వెంట తీసుకెళ్ళేది, నాన్న ట్యూషన్లు చెప్పుకుంటారని. ఇంట్లో అమ్మకి గొంతుండేది కాదు. నాన్న ధర్మారావు లెక్కల లెక్చరరు, మాట ఒక్కటే, అది ఆయనదే. ఎక్స్ఛేంజిలో మాత్రం ఊళ్ళన్నీ అమ్మని పిలిచేవి, అమ్మ కలిపితేనే మాట్లాడుకునేవి. మద్రాసు, హైదరాబాదు, బరంపురం. బరంపురం వచ్చినప్పుడు అమ్మ గొంతులో ఏదో మారేది. ఒకసారి హెడ్‌సెట్ తీసి భానుశ్రీ తలకి పెట్టింది, అది చెవులు దాటి మెడ మీదికి జారిపోతుంటే చేత్తో పట్టుకుంది. "ఏం పాపా, ఇడ్లీ తిన్నావా?" అంది ఒక మగ గొంతు, అక్కడి ఆపరేటరుది, ఆ ఒరియా యాస కలిసిన తెలుగులో, సముద్రం అవతలినుంచి వచ్చినట్టు. తిన్నానంది. "ఎన్ని?" అన్నాడు. నాన్న ఎప్పుడూ ఎన్ని అని అడగలేదు. రెండేళ్ళు వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకోలేదట. గొంతులే. తీగ ఇటు చివర ఒకరు, అటు చివర ఒకరు, మధ్యలో ఎవరెవరివో చావు కబుర్లూ పెళ్ళి కబుర్లూ పోతూ ఉండగా.

అమ్మ వెళ్ళిపోయిన రోజు జడలు బిగుతుగా వేసింది. మామూలు కంటే చాలా బిగుతుగా, కణతలు లాగేలా, రెండూ మడిచి రిబ్బన్లు రెండు ముళ్ళు వేసింది. రోజంతా తలనొప్పి. సాయంత్రం స్కూల్నుంచి వస్తే వీధి అరుగు మీద అందరూ ఉన్నారు, అమ్మ లేదు. ఆ జడలు ఎవర్నీ విప్పనివ్వలేదు, తల కుళ్ళు వాసన వచ్చేదాకా. పిన్ని శశికళ, పిల్ల నిద్రలో ఉండగా కత్తెర పెట్టి రిబ్బన్లు కోసింది. నాన్న అరవలేదు, ఏడవలేదు, ఎవర్నో పురోహితుణ్ణి పట్టుకొచ్చి కృష్ణలో కుండ పగలగొట్టించి స్నానం చేసొచ్చారు. బతికున్నవాళ్ళకి చేసే శ్రాద్ధం ఒకటుందని అప్పుడే తెలిసింది ఆ వీధికి. తర్వాత గుంటూరుకి మార్చేశారు మకాం. కొత్త ఇల్లు, కొత్త స్కూలు, గోడకి అమ్మ ఫొటో, దానికి దండ. కొత్త టీచరు అడిగితే పచ్చకామెర్లతో పోయిందని చెప్పాలన్నారు. చెప్పింది. టీచరు దగ్గరికి తీసుకుని తల నిమిరింది, ఆ తల నిమరడం ఎంత బావుందో. ఏటేటా ఆ చావుకి కాస్త కాస్త చేర్చింది. ఏ ఆసుపత్రో, పోయేముందు అమ్మ ఏమందో, ఆ రోజు వానపడిందో లేదో. పెళ్ళిచూపుల్లో శేషమ్మ అడిగినప్పుడు వాన కూడా కురిపించింది. నాన్న తలొంచుకుని కూర్చున్నారు. కూతురు అంత బాగా చెబుతుందని ఆయనకీ తెలీదు.

ముందు వరసలో లాన్ భుజాలు కదులుతున్నాయి. లాన్‌కీ తెల్లదే. వియత్నాంనుంచి పడవెక్కి వచ్చేసిందట, అమ్మ అక్కడే ఉండిపోయిందట. ఆవిడ పోయిన సంగతి నాలుగు నెలల తర్వాత తెలిసిందట. "ఆ నాలుగు నెలలూ నేను ఎర్రది పెట్టుకునే తిరిగాను, తెలీక," అంది ఇందాక పువ్వుల పళ్ళెం దగ్గర, నవ్వుతూనే. నాలుగు నెలలు తెలీక. తనకైతే ఎప్పటికీ తెలీదేమో. తెలిసినా ఏం చేస్తుంది? చచ్చిపోయిందని అందరికీ తెలిసిన మనిషి మళ్ళీ చచ్చిపోతే ఏమని ఏడవాలి, ఎవరితో చెప్పి ఏడవాలి? ఏమైందమ్మా అని శేషమ్మ అడుగుతుంది, అడగకుండా ఉండదు. తలనొప్పి అనాలి. ఎన్నాళ్ళు తలనొప్పి అనగలదు?

నాన్న పోయినప్పుడు భానుశ్రీ వెళ్ళలేకపోయింది, గ్రీన్ కార్డ్ కాగితాలు మధ్యలో ఉన్నాయి, కదిలితే అన్నీ మొదటికొస్తాయన్నాడు లాయరు. పిన్ని ఫోన్ చేసింది. "మీ అమ్మ వచ్చిందే. గేటు దగ్గర నిలబడి చూసి వెళ్ళిపోయింది. ఆ బరంపురం ఆయన కూడా పోయాడట, ఒక్కతే ఉంటోందట. నీ నంబరు అడిగింది. ఇచ్చాను, తిట్టుకోకు," అంది. మూడు రోజుల తర్వాత మోగింది. "భానూ," అంది అవతలి గొంతు, అంతే, ఇక మాటల్లేవు. వాషింగ్ మెషీన్ లోపల బట్టలు గిర్రున తిరుగుతున్నాయి. ఆ రోజునుంచి మంగళవారాలు, అమర్ ఆఫీసుకీ పాప స్కూలుకీ పోయాక, బేస్‌మెంట్‌లో లాండ్రీ రూం తలుపేసుకుని. అమ్మ నంబరు కాలింగ్ కార్డ్ అనే పేరుతో దాచుకుంది. దాచుకుని, ఒక గొంతు కోసం వారమంతా ఎదురుచూడటం అంటే ఏమిటో తెలుసుకుంది. నన్నెందుకు తీసుకెళ్ళలేదని ఒకసారి అడిగింది. "ఆయనకున్నది ఒక్క గది. నువ్వందులో పెద్దదానివైతే జనం నిన్ను నా కూతురనేవాళ్ళు. అక్కడుంటే మీ నాన్న కూతురంటారనుకున్నాను," అంది అమ్మ. అది జవాబేనా? ఇప్పటికీ తెలీదు. క్షమించిందా? అదీ తెలీదు, క్షమించడానికి ముందు పలకరించాలి కదా, అక్కడే ఉంది ఇంకా. మొన్న మంగళవారం అమ్మ మామూలుగా, కూరలబేరం చెప్పినట్టు చెప్పింది, సోమవారం విశాఖపట్నంలో గుండె ఆపరేషన్ అని. పక్కింటి అమ్మాయి మీనా తోడొస్తోందని. "ఏమన్నా అయితే నీకు చెప్పొద్దన్నాను మీనాకి. పాపం, ఆ పిల్లకి తెలీదుగా అక్కడ నీ సంగతి. నువ్వు మంగళవారం చెయ్యి. ఎత్తకపోతే తెలుసుకో."

టక్ టక్ ఆగిపోయింది. పెద్ద గంట మోగింది, ఆ మోత నేల మీంచి కాళ్ళలోకి ఎక్కింది. సన్యాసిని మైకులో ఏదో అంది, తర్వాత అతిథుల కోసం ఇంగ్లీషులో అంది. తెల్ల గులాబీలు పెట్టుకున్నవాళ్ళు ముందుకి రండి, ఒక ఊదొత్తి తీసుకోండి, మైకులో మీ అమ్మ పేరు చెప్పండి. ఆ పేరు వింటే తలుపు తెరుచుకుంటుంది. మనుషులు లేస్తున్నారు. నెరిసిన తలలు, కుంటుకుంటూ నడిచే ముసలాయన ఒకడు, భానుశ్రీ వయసువాళ్ళు కొందరు, పదేళ్ళ కుర్రది ఒక్కతే. శేషమ్మ అప్పటికే లేచి నిలబడింది. "రామ్మా. మా అమ్మ పేరూ, మీ అమ్మ పేరూ చెబుదాం. ఇంత దూరం వచ్చి మనకి ఇలాంటి చోటు దొరకడం వాళ్ళ అదృష్టం." కాలు తిమ్మిరండీ అంది భానుశ్రీ. శేషమ్మ వంగి చెయ్యిచ్చింది. అమర్ వెనకనుంచి ఆసరా పట్టాడు. ఇద్దరూ ఎంతో ప్రేమగా ఆమెని లేపి నిలబెట్టారు.

వరస గోడ వెంట ఉంది, ఇటు గోడ, అటు కూర్చున్న జనం. చేతికి ఊదొత్తి వచ్చింది. వరస కదిలినప్పుడల్లా ఒక పేరు. ఒక్కో పేరుకీ చిన్న గంట. లాన్ పేరు చెప్పి, ఇంకేదో రెండు మాటలు కూడా చెప్పి పక్కకి వెళ్ళిపోయింది. ఇక్కడ ఎవరికీ తెలుగు రాదు, ఇంతమందిలో ఇదొక్కటే వెసులుబాటు, గట్టిగా అరిచినా ఎవరికీ అర్థం కాదు, అర్థమయ్యేది ముందున్న ఈ ఒక్క మనిషికే. ముందు ఇంకా నాలుగు తలలు. రేపు కాక ఎల్లుండి అమ్మ గుండె కోస్తారు. ఇవాళ తను అమ్మ పేరు చచ్చినవాళ్ళ పీఠం ముందు పెడుతుంది. శకునాలని నమ్మదు భానుశ్రీ. నమ్మదు. మూడు తలలు. తొమ్మిదేళ్ళప్పుడు చెప్పింది నాన్న చెప్పమన్నారని, పాతికేళ్ళప్పుడు చెప్పింది పెళ్ళి కావాలని, ఇప్పుడు ఎవరు చెప్పమన్నారు? శేషమ్మ పెదాలు కదులుతున్నాయి, పేర్లు వల్లెవేసుకుంటోంది. ధనమ్మ, రాధారాణి. ధనమ్మ, రాధారాణి.

"అత్తయ్యా," అంది.

"ఊఁ."

"మా అమ్మ పేరు చెప్పకండి."

"ఏం, నువ్వు చెబుతావా? మంచిదే."

"నేనూ చెప్పను. ఆవిడ బతికే ఉంది."

శేషమ్మ వెనక్కి తిరిగి, ఇక్కడివాళ్ళ భాష విన్నట్టే మొహం పెట్టి చూసింది. ఊదొత్తి నుసి ఆవిడ చీర మీద రాలింది, దులుపుకోలేదు. "ఏమిటి?" అంది. "బతికే ఉందత్తయ్యా. బరంపురంలో. వెళ్ళిపోయింది, చచ్చిపోలేదు. నాన్న అలా చెప్పించారు," అంది భానుశ్రీ. తన గొంతు ఇంత మామూలుగా ఉందేమిటి? వరస కదిలింది. ముందు ఎవరూ లేరు. మైకు శేషమ్మ చేతికొచ్చింది.

"ధనమ్మ," అంది శేషమ్మ. గంట మోగింది. మైకు దింపలేదు. హాలంతా ఎదురుచూస్తోంది, రెండో పేరు ఉందని ఆవిడ నిలబడిన తీరులోనే తెలుస్తోంది. సన్యాసిని తలూపింది, చెప్పమన్నట్టు. శేషమ్మ కళ్ళు భానుశ్రీ మొహమ్మీద, గులాబీ మీద, మళ్ళీ మొహమ్మీద. తర్వాత మైకుని గబుక్కున, చెయ్యి కాలినట్టు, భానుశ్రీ చేతిలో పెట్టేసి వెళ్ళిపోయింది. బరువుగా ఉంది మైకు. భానుశ్రీ వెనకున్న ముసలాయనకి అందించింది, ఊదొత్తి కూడా ఆయనకే ఇచ్చేసింది. ఆయన రెండింటినీ నెత్తికానించుకుని తీసుకున్నాడు.

బయట పార్కింగ్ లాట్ అంతా కాగితపు లాంతర్లు, బల్లల మీద శాకాహార భోజనాలు. చంద్రుడు ఇంకా గోదాము కప్పుల మీదే ఉన్నాడు. శేషమ్మ బెంచీ మీద కూర్చుని చెప్పు పట్టీ పెట్టుకోలేక తంటాలు పడుతోంది. భానుశ్రీ వంగబోతే కాలు వెనక్కి లాక్కుంది.

"ఎందుకెళ్ళింది?"

"ఇంకొకాయనతో."

శేషమ్మ చెప్పు పట్టీ వదిలేసింది. "అది ముందే చెప్పుంటే మేం సంబంధం చేసుకోకపోదుం."

"తెలుసత్తయ్యా."

"ఆరేళ్ళు! బతికున్న మనిషికి నా చేత్తో... ఎంత అపచారం చేయించావే నాతో!" ఎప్పుడూ అమ్మా అనే మనిషి చేయించావే అనేసింది. "ఒక్క మాట, చెవిలో ఊదితే ఏం పోయేది?"

"మీరు అంత ప్రేమగా చేస్తుంటే ఆపడం చేతకాలేదు."

అమర్ రెండు చేతుల్లో నూడిల్స్ పళ్ళాలతో, వెనక అనుష్కతో వస్తున్నాడు. "వాడికి నువ్వే చెప్పు. ఇప్పుడే చెప్పు. నా కడుపులో ఇది తెల్లారేదాకా నిలవదు," అని శేషమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని లాంతర్ల వైపు నడిచింది, చెప్పు పట్టీ ఈడ్చుకుంటూ.

చెప్పింది. కారు బానెట్ మీద పళ్ళాలు చల్లారిపోతుంటే, ట్రంకు ఎక్స్ఛేంజీ జడలూ కుండా మంగళవారాలూ, వరస లేకుండా, ముందుది వెనకా వెనకది ముందూ. అమర్ మధ్యలో ఒక్కసారే మాట్లాడాడు. "నేనింట్లో ఉన్నప్పుడు కూడా ఫోన్ చేశావా?" "రెండుసార్లు. నువ్వు పైన కాల్‌లో ఉన్నావు." అతను నవ్వినట్టు ఊపిరి వదిలాడు.

"మీ నాన్న అబద్ధం మీ నాన్నది," అన్నాడు చివరికి. "నాకు చెప్పకపోవడం మాత్రం నీది."

"అవును. ముందే తెలిస్తే నన్ను చేసుకునేవాడివా అమర్?"

వెంటనే చేసుకునేవాణ్ణంటాడనుకుంది, అలాంటివాటికి అతనెప్పుడూ వెంటనే అంటాడు. అనలేదు. "తెలీదు భానూ," అన్నాడు. "చేసుకునేవాణ్ణని ఇప్పుడంటే అది ఇంకో అబద్ధం."

అంతవరకు రానిది అప్పుడొచ్చింది ఏడుపు. పళ్ళాలు పక్కకి జరిపి కారుకి ఆనుకుని ఏడుస్తూనే, సోమవారం అంది, గుండె అంది, ఎవరూ లేరు అంది. అతను దగ్గరికి రాలేదు. దూరంగానూ వెళ్ళలేదు. శేషమ్మ వచ్చేసింది, ఎప్పుడొచ్చిందో, అనుష్క చేతిలో చేప బొమ్మ లాంతరుతో పక్కన. "ఏం ఆపరేషన్? ఎక్కడ? దగ్గరెవరున్నారు?" అంది. పక్కింటమ్మాయని చెబితే, "కడుపున పుట్టినదానివి నువ్వుండగా పక్కింటమ్మాయా," అంది, ఆ కోపం ఎవరి మీదో తెలీలేదు.

"ఇప్పుడక్కడ టైమెంత?" అన్నాడు అమర్.

"ఆదివారం పొద్దున్న. ఇంట్లోనే ఉంటుంది. సాయంత్రం బయల్దేరతారు."

అమర్ తన ఫోన్ తీసి చాపాడు. భానుశ్రీ నంబరు నొక్కింది, చూడకుండానే. అతను స్పీకర్ పెట్టాడు. రింగు, మళ్ళీ రింగు. "హలో," అంది అమ్మ. భానుశ్రీ పలికేలోపు శేషమ్మ ముందుకి వంగి, "హలో అండీ, నేను భానుశ్రీ అత్తగార్ని మాట్లాడుతున్నాను, అమెరికానుంచి," అనేసింది.

అటువైపు ఒక్క క్షణం గాలి చప్పుడు. తర్వాత అమ్మ గొంతు, ఏ వణుకూ లేకుండా, ఎక్స్ఛేంజిలో వేలసార్లు వాడిన గొంతు. "ఏ భానుశ్రీ అండీ? రాంగ్ నంబరండి. ఇక్కడ అలాంటివాళ్ళు ఎవరూ లేరు." పెట్టేసింది.

ముగ్గురూ ఫోన్ వంకే చూశారు. భానుశ్రీకే ముందు అర్థమైంది. ఎన్నిసార్లు లోపల చెప్పుకుని ఉంటుందో ఆ మాట, ఇలాంటి ఫోనొకటి వస్తుందని, వస్తే కూతురి కాపురం ఎలా కాపాడాలో. శేషమ్మకి కూడా అర్థమైంది. ఆవిడ కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడిచి పెట్టుకుంది.

"మళ్ళీ చెయ్యి," అంది.

ఈసారి చాలాసేపు మోగింది. ఎత్తారు గానీ ఎవరూ మాట్లాడలేదు.

"అమ్మా, పెట్టెయ్యకు," అంది భానుశ్రీ. "నేనే. వీళ్ళకి తెలుసు. చెప్పేశాను."

గాలి, దూరంగా ఎవరో కుళాయి దగ్గర బిందె పెట్టిన చప్పుడు, ఊపిరి. అమర్ రెండడుగులు దగ్గరికొచ్చి భానుశ్రీ పట్టుకున్న ఫోన్ కింద తన అరచెయ్యి పెట్టాడు. శేషమ్మ ఇద్దరినీ చూసి ఫోన్ మీదికి వంగింది.

"వదినగారూ," అంది, "కాఫీలయ్యాయా?"